ఫ్యూజు నా దగ్గరే ఉంది

ఇవ్వను. ఎవరడిగినా ఇవ్వను. అత్తయ్య అడిగినా, మామయ్య అడిగినా, చివరికి మా ఆయన ఒక్క బుగ్గమీదే సొట్టపడే ఆ నవ్వు నవ్వి చెయ్యి చాపినా ఇవ్వను. ఇది నా ఒళ్ళోనే ఉంటుంది, నా రెండు అరచేతుల మధ్యే ఉంటుంది, సబ్బుబిళ్ళంత తెల్లటి పింగాణీ ముక్క, అటూ ఇటూ రాగి నాలుకలు, వాటి మధ్య సన్నటి తీగ. ఇంత చిన్నది ఇంత ఇంటికీ కరెంటు ఇస్తుందంటే ఇంకో రోజయితే మురిసిపోయి, "చూడు, ఎంత ముద్దుగా ఉందో" అని అందరికీ చూపించేదాన్ని, ఇవాళ మాత్రం పళ్ళు బిగించి పట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో వైరింగంతా పరీక్ష చెయ్యడానికి పసుపు రంగు పరికరం పట్టుకుని వచ్చిన కరెంటు మనిషి దీన్ని మీటరు కింది గూట్లోంచి ఊడబీకి నా చేతిలో పెట్టాడు. "అమ్మా, పిలిపించింది మీరు కాబట్టి ఇది మీ దగ్గరే ఉండాలి. నేను లోపల వైర్లలో చేతులు పెడతాను. నేనొచ్చి అడిగేదాకా ఇంకెవరి చేతికీ ఇవ్వకండి, మీ ఆయనకి కూడా. ఎవరైనా తొందరపడి దీన్ని మళ్ళీ పెట్టారంటే నేను పోతాను" అన్నాడు, ఆ పోతాను అనే మాట టీ తాగడానికి పోతానన్నంత తేలిగ్గా అనేసి, మోకాళ్ళ నొప్పులని మూలుగుతూ నిచ్చెన భుజానికెత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ ఇంటిల్లిపాదీ వీధి మెట్ల మీద, మిట్టమధ్యాహ్నం, ఎవరి మెట్టు వాళ్ళది, ఎవరి మూతిముడుపు వాళ్ళది.

పై మెట్టు మీద కుర్చీ వేసుకుని అత్తయ్య, వీపు నిటారుగా పెట్టి, నావైపు చూడకుండా, కానీ నేను కదిలితే తెలిసేలా. మామయ్య పేపరుతో విసురుకుంటూ గేటుదాకా వెళ్ళి వస్తున్నారు, మళ్ళీ వెళ్ళి వస్తున్నారు. మా ఆయన బండి సీటుమీద పక్కకి కూర్చుని తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుకుంటున్నాడు. మా ఆయన. ఈ మాట అనుకుంటే చాలు లోపలెక్కడో చక్కిలిగింత పెట్టినట్టుంటుంది, కోపంలో కూడా, ఇంత కోపంలో కూడా. పెళ్ళయిన కొత్తలో అవసరం లేకపోయినా బజారుకెళ్ళి "మా ఆయనకి ఈ రంగు నప్పదండీ", "మా ఆయన అంత తీపి తినడండీ" అని కొట్టువాళ్ళకి చెప్పొచ్చేదాన్ని. కొత్తలో అంటున్నాను, ఇప్పుడేదో పాతబడిపోయినట్టు! గదిలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉండటం చూసి నేను గుమ్మంలోనే నిలబడిపోయే రోజులు ఇంకా అయిపోలేదు. ఆ గుత్తిలో నీలం రిబ్బను కట్టిన తాళంచెవి నాది, అతను తిప్పినప్పుడల్లా రిబ్బను గాల్లో గిర్రున తిరుగుతోంది, బావుంది, ఛీ, బావుందని ఇప్పుడు అనుకోకూడదు, ఇప్పుడు నాకు కోపం. లోపల నిచ్చెన కాళ్ళు గచ్చుమీద రాసుకున్న చప్పుడు. కరెంటు మనిషి దాన్ని వంటింట్లోకి మార్చాడు. ఇంకాసేపట్లో మా ఆడపడుచు వస్తుంది, మా ఆయన అక్కయ్య, కొడుకుని తీసుకుని. పోయినసారి వచ్చినప్పుడు చంకలో ఉన్నాడట చంటాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. నడుస్తున్నాడు, ఎక్కడ ఏది దొరికితే దాన్ని పట్టుకుని లేచి నిలబడుతున్నాడు, కాళ్ళకి ఏది తొడిగినా విదిలించి పారేస్తున్నాడు, ఫోన్లో వీడియో చూశాం కదా అందరం, చూసి పడి పడి నవ్వాం కదా, ఆ నవ్వుతున్న మనుషుల్లో ఒక్కరికైనా తట్టొద్దా?

మొట్టమొదటిసారి అది నాకు తగిలినప్పుడు సంతోషమనుకున్నాను. నిజం. ఈ ఇంట్లో నా మొదటి పొద్దున, తలస్నానం చేసి, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, ఒట్టి కాళ్ళతో వంటింట్లోకి వచ్చి పాలకోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాను. వేళ్ళ చివర్లనుంచి మోచేతిదాకా జుమ్మంది, చీమలబారు పరుగెత్తినట్టు. ఓహో, కొత్త కాపురమంటే ఇదన్నమాట, ఒళ్ళు ఝల్లుమనడమని కథల్లో రాసేది ఊరికే రాయరన్నమాట అనుకుని, నాకు నేనే సిగ్గుపడి, ఎవరూ చూడటం లేదు కదా అని ఇంకోసారి పట్టుకున్నాను. ఇంకోసారి ఝల్లుమంది. మా ఆయన గోడవతల నిద్రపోతున్నా సరే ఆ గోడ దాటి వచ్చిందనుకున్నాను! నా మొహం. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని, ల్యాబులో చచ్చిన కప్ప కాలికి తీగ ఆనిస్తే అది ఎగిరి తన్నడం కళ్ళారా చూసినదాన్ని, ఆ కప్పకి కొత్తగా పెళ్ళయిందని అప్పుడు మేమెవరమూ అనుకోలేదు కదా. అతను లేచాక చెబితే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "మా ఫ్రిజ్జు నిన్ను పలకరించింది పిచ్చుకా, కొత్తవాళ్ళని అలా పలకరిస్తుంది, చెప్పులేసుకో, ఇక పలకరించదు" అన్నాడు. పిచ్చుక నా ముద్దుపేరు, గలగలమంటూ ఉంటానని. ఆ సాయంత్రమే పసుపు పూలున్న రబ్బరు చెప్పులు తెచ్చాడు, నన్ను మంచమ్మీద కూర్చోబెట్టి, కింద మోకాళ్ళమీద కూర్చుని, తనే తొడిగాడు, కుడికాలిది తొడిగి ఎడమకాలిది తొడగకుండా పాదం పట్టుకుని కాసేపు అలా ఉండిపోయాడు. నేను ఆ చెప్పుల్ని ఫోటో తీసి చెల్లికి పంపాను, "చూడవే, మీ బావగారి మొదటి కానుక" అని. అది "అబ్బో" అని పంపింది. ఏం అబ్బో! వంటింటి తలుపు పక్కన చెక్క స్టాండు ఉంది, అందులో మామయ్యవి గోధుమరంగువి, అత్తయ్యవి నీలంవి, అతనివి నల్లవి, వచ్చీపోయేవాళ్ళకి రెండు జతలు. ఈ ఇంట్లో కాలుపెట్టిన ప్రతివాళ్ళకీ ఇస్తారు. ప్రేమే, కాదనను, ఆ పాదం పట్టుకోవడం ప్రేమే, కానీ ఆ చెప్పులు ప్రేమ కాదు, కరెంటుకీ నాకూ మధ్య అడ్డుపెట్టిన రబ్బరు!

ఎన్ని పద్ధతులు నేర్చుకున్నానో. కొత్త కోడల్ని కదా, ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి, నేర్చుకోవాలి, నేర్చుకోవడం నాకిష్టం కూడా, కాలేజీలో లాగా రోజూ కొత్త పాఠం. చెప్పులు లేకుండా వంటింట్లో అడుగుపెట్టకూడదు. ఫ్రిజ్జుని తలుపు పట్టి తియ్యబోయేముందు వేలి వెనకవైపుతో ఒకసారి ఆనించి చూడాలి, తగలకపోతేనే పట్టుకోవాలి. వాషింగ్ మెషీన్ ముందు చెక్కపలక ఉంటుంది, దానిమీద రెండు కాళ్ళూ పెట్టాకే మూత ముట్టుకోవాలి. మిక్సీ తిరుగుతున్నప్పుడు రెండో చెయ్యి సింకుకి తగలకూడదు, నడుం వెనక పెట్టుకోవాలి. స్నానానికి వెళ్ళేవాళ్ళు గీజరు ఆపి, "ఆపేశా!" అని ఇల్లంతా వినపడేలా అరిచి, అప్పుడు కుళాయి తిప్పాలి. అత్తయ్య ఎంత ఓపిగ్గా నేర్పారు, ఎంత ముద్దుగా నా చెయ్యి వెనక్కి విరిచి నడుంమీద పెట్టి "ఇట్లా అమ్మాయ్, ఇట్లా పెట్టుకుంటే అందంగా కూడా ఉంటుంది" అన్నారు. నేను మా అమ్మకి ఫోన్ చేసి "మా అత్తగారి ఇల్లు ఎంత శుభ్రమో తెలుసా, చెప్పుల్లేకుండా వంటింట్లోకి రానివ్వరు" అని గొప్పలు పోయాను. కొన్నాళ్ళకి, పలకమీద నిలబడి, ఎడమ చెయ్యి నడుంమీద పెట్టుకుని, కుడిచేతి వేలి వెనకవైపుతో మెషీన్ మూత ఆనించి చూస్తున్నదాన్ని, ఆగిపోయాను. ఏంటిది? ఏం చేస్తున్నాను నేను? ఇది శుభ్రం కాదు, ఇది మర్యాద కాదు, ఇల్లంతా కరెంటు కారుతుంటే దాని మధ్యలోంచి తప్పించుకుని నడవడానికి ముగ్గురు మనుషులు ఇన్నేళ్ళుగా కట్టుకున్న దారి. దారి కట్టారు గానీ కారేచోటు ఎక్కడో ఎవరూ చూడలేదు. ఒకసారి పాత మెషీన్ మీద అనుమానమొచ్చి అమ్మేశారట, కొత్తది కొన్నారట, కొత్తదీ జుమ్మందట, అప్పుడు అందరూ కూర్చుని తేల్చారట, మన ఇంటి నేలే అలాంటిదని. నేలే అలాంటిదట! చదువుకున్నవాళ్ళే అందరూ, ఒక్కొక్కరికీ ఒక్కో సర్టిఫికెట్టు గోడమీద ఫ్రేము కట్టి ఉంది.

అడగలేదా నేను? అడిగాను. మొదట నవ్వుతూ అడిగాను, తర్వాత నవ్వకుండా అడిగాను. "ఇన్నేళ్ళుగా ఎవరికేమైందమ్మా? ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు, దానిష్టం. పద్ధతిగా ఉంటే అదేం చెయ్యదు" అన్నారు అత్తయ్య, కరెంటు ఏదో కాస్త కోపిష్టి చుట్టం అయినట్టు. "కప్పల్ని కోసిన పిల్లవి, కరెంటు గొడవ నీకెందుకోయ్" అన్నారు మామయ్య, ప్రేమగానే, చెవులు మూసుకున్నంత ప్రేమగా. ఎదురింటావిడయితే గేటు దగ్గర నిలబడి "కొత్త పెళ్ళికూతురికి ఏది ముట్టుకున్నా షాకేలే" అని కిసుక్కుమంది, పక్కన మా ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు, ఆ నవ్వుకి మూడుపూటలు మాట్లాడకూడదనుకుని ఒక్క పూట కూడా ఉండలేకపోయాను, అది వేరే సంగతి. ఒళ్ళు మండేది ఎక్కడంటే, నేను సంతోషంగా ఉండటమే నా మాటకి అడ్డమైపోయింది. కర్టెను కొత్తదని గంతులేశాను, నిజమే. పాలు పొంగితే ఈలవేసే గిన్నె చూసి చప్పట్లు కొట్టాను, నిజమే. వానకి ఇద్దరం ఒక్క గొడుగులో తడిసొచ్చి తుమ్ముతూ నవ్వాను, నిజమే. అందుకని నేను చెయ్యి కాలిందన్నా నవ్వేనా? ఎప్పుడూ నవ్వే మనిషికి భయమెయ్యదా? మొహం గంటు పెట్టుకుని తిరిగేవాళ్ళ మాటే నిజమా? అదే అత్తయ్యకి మోకాలు కలుక్కుమంటే డాక్టరు ఇంటికొస్తాడు.

చెప్పులు. మళ్ళీ చెప్పుల దగ్గరికే వస్తున్నాను. ఈ వారంలోనే ఒక సాయంత్రం అత్తయ్య బజారునుంచి వచ్చి సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్లమీద పెడుతున్నారు, చంటాడికి బంతి, చంటాడికి టోపీ, చంటాడికి పళ్ళరసం ఐసు చేసే అచ్చులు, నేను పక్కనే నిలబడి ఒక్కోటీ చూసి మురిసిపోతున్నాను, ఆఖర్న తీశారు, నా అరచేతిలో రెండూ పట్టేంత రబ్బరు చెప్పులు, ఒక్కోదానిమీద ఒక్కో పసుపు బాతు. "వాడూ మనింటివాడే కదా, ఇప్పట్నుంచీ అలవాటు చెయ్యాలి" అన్నారు. వెళ్ళి ఆ స్టాండులో, నా పసుపు పూల జత పక్కన, సర్ది పెట్టారు. నాకు నవ్వు రాలేదు. ఎంత ప్రేమ ఉంటే ఆ బాతులు వెతికి కొంటారు, ఎంత భయం ఉంటే ఆ సైజు వెతికి కొంటారు, భయముందని తెలుసు, వాడికి తగులుతుందని తెలుసు, తెలిసి కరెంటు మనిషిని పిలవడానికి బదులు చెప్పుల కొట్టుకి వెళ్ళారు! వాడు ఆ చెప్పులు కాళ్ళకి ఉంచుకుంటాడా? వాడు వేలి వెనకవైపు ఆనించి చూస్తాడా? వాడు అరచెయ్యి మొత్తం ఆనిస్తాడు, నోరు కూడా ఆనిస్తాడు, అప్పుడే బంతితో నీళ్ళలో ఆడొచ్చిన కాళ్ళతో. ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, నువ్వైనా పిలువు అన్నాను. గదిలో నువ్వు, గడప దాటితే మీరు, అది మా ఇద్దరి ఒప్పందం. "అక్క వచ్చి వెళ్ళాక చూద్దాంలే పిచ్చుకా, ఇప్పుడు ఇల్లు పీకి పెడితే అమ్మ ఒంటికాలి మీద లేస్తుంది" అన్నాడు. వెళ్ళాక! నేనే ఫోన్ చేశాను. ఎవరికీ చెప్పకుండా. వచ్చే మనిషికి ఖాళీ దొరికింది ఇవాళే.

వచ్చీ రాగానే ఆయన చేసిన మొదటి పని ఇంకా కళ్ళముందే ఉంది. హాల్లో బోర్డు మూత తీసి, ఒక పెద్ద స్విచ్చు పక్కనున్న చిన్న మీట చూపించి, "ఇది ట్రిప్ స్విచ్చు. కరెంటు ఎక్కడైనా కారితే ఇది పడిపోయి ఇల్లంతా ఆపెయ్యాలి. బాగుందో లేదో చూసుకోడానికి ఈ మీట. నొక్కితే వెంటనే పడాలి" అని నొక్కాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మళ్ళీ నొక్కాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అత్తయ్య మొహం విప్పారింది. "చూశారా? మా ఇంట్లో అది పడనే పడదు! వీధిలో అందరిళ్ళల్లో పడినా మాది పడదు" అన్నారు. ఆయన అత్తయ్య వంక చూసిన చూపు, నేను జన్మలో మర్చిపోను, నవ్వాలో దణ్ణం పెట్టాలో తేల్చుకోలేని చూపు. తర్వాత బయటికొచ్చి ఈ పింగాణీ ముక్క ఊడబీకాడు.

లోపల పరికరం కీచుమంది. ఒకసారి, ఆగి, ఇంకోసారి. మంచి కూతో చెడ్డ కూతో తెలిసి చావదు. అరచేతుల్లో చెమటకి పింగాణీ జారుతోంది, పమిట చెంగు చుట్టి పట్టుకున్నాను. అత్తయ్య ఇప్పుడు మొదటిసారి నావైపు తిరిగారు.

"అమ్మాయ్, ఐసు కరిగిపోతుంది. చంటాడు రాగానే అడుగుతాడు. పది నిమిషాలు పెట్టి తీసెయ్."

"ఆయన చేతులు వైర్లలో ఉన్నాయి అత్తయ్యా."

"ఆపమని చెప్పొస్తే ఆగుతాడు కదా. ఏమంత బ్రహ్మాండం! మంచి ముహూర్తం చూసి పిలిచావు, ఆడపిల్ల పుట్టింటికొచ్చే రోజున ఇల్లు చీకటి చేసి కూర్చున్నావు."

"ఆయన వచ్చి అడిగితేనే ఇస్తానత్తయ్యా."

"పోనీ నా దగ్గర పెడతావేంటోయ్," అన్నారు మామయ్య గేటు దగ్గరనుంచి, సంధి కుదిర్చే గొంతుతో, "నేను పెద్దవాణ్ణి, నేను పెట్టనుగా." పెట్టరు, తెలుసు, అత్తయ్య రెండోసారి అడిగేదాకా పెట్టరు. తల అడ్డంగా ఊపాను. కొత్త కోడలు మామగారికి తల అడ్డంగా ఊపింది, ఎదురింటి కిటికీ తెర కదిలింది, కదలనీ. అప్పుడు మా ఆయన బండి దిగాడు. వచ్చి నా మెట్టు కింది మెట్టుమీద నిలబడ్డాడు, కళ్ళు నా కళ్ళ ఎత్తులో, బుగ్గమీద సొట్ట, చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నాకెంతిష్టమో, చూపుడువేలు మీద చిన్న మచ్చ, నిద్రలో కూడా నా చెయ్యి వెతుక్కునే చెయ్యి. "ఇటివ్వు పిచ్చుకా. అమ్మ చూడు ఎలా ఉందో. నేను పట్టుకుంటాను, నామీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం! ఆ మాట ఎక్కడ వాడాలో కూడా తెలియాలి. నేను జుమ్మంటోందంటే నమ్మావా? భయమేస్తోందంటే నమ్మావా? లోపల మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ఎవరి తండ్రో, ఎవరి మొగుడో, ఒట్టిచేతులతో మన తీగలు పట్టుకుని ఉన్నాడు, నేను ఈ మెట్టుమీద కూర్చుని ఉన్నానన్న నమ్మకంతో. "ఇవ్వను," అన్నాను, "నువ్వడిగినా ఇవ్వను." నువ్వు. అందరి ముందూ. అత్తయ్య కుర్చీ కిర్రుమంది. అతని బుగ్గమీద సొట్ట మెల్లిగా పూడిపోయింది. చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, తర్వాత జేబులోకి వెళ్ళింది. మా కాపురంలో నేను కాదన్న మొదటిమాట ఇది. ఏడుపొచ్చింది, కోపం దాన్ని వెనక్కి తోసింది. అతను వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. అదే మెట్టుమీద, నాకు వీపు పెట్టి, కూర్చున్నాడు.

ఒకవేళ ఏమీ లేదంటే? అంతా బాగానే ఉందమ్మా అని ఆయన బయటికొస్తే? నా జుట్టు నెరిసేదాకా చెప్పుకుంటారు, ఆడపడుచు వచ్చే రోజున ఇంటికి ఫ్యూజు పీకి ఒళ్ళో పెట్టుకున్న కోడలని. చెప్పుకోనీ. ఏమీ లేకపోతే ఎంత బావుణ్ణు, చెప్పుకుంటే ఏంటి. మా అమ్మ వంటింట్లో ఎవరికీ చెప్పుల్లేవు. పరీక్షల ఎండల్లో చదివి చదివి తల వేడెక్కితే నేనూ చెల్లీ వెళ్ళి ఫ్రిజ్ తలుపుకి నుదురు ఆనించుకుని నిలబడేవాళ్ళం, ఒకరి పక్కన ఒకరం, కళ్ళు మూసుకుని, లోపల మోటారు గుర్రుమంటుంటే ఆ చల్లదనం కనుబొమల మధ్యనుంచి మెడదాకా దిగేది, అమ్మ "కరుచుకుపోయారా దాన్ని, జరగండే" అనేది. అంతే. ఫ్రిజ్జంటే నాకు అది. నుదురు ఆనించుకోవడానికి పనికిరాని ఫ్రిజ్జు ఉంటుందని ఈ ఇంటికొచ్చేదాకా నాకు తెలియదు. ఇక్కడ కూడా ఒకరోజు అలా నిలబడాలని ఉంది, అతని పక్కన, ఇద్దరం, ఎండాకాలం మధ్యాహ్నం. ఇది కూడా పెద్ద కోరికేనా?

ఆయన బయటికొచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. మొదట మంచినీళ్ళడిగి, గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, నా చేతులవంక చూసి తలూపాడు. "గీజరండీ," అన్నాడు. "లోపల కాయిలు పగిలింది, ఇవాళా నిన్నా కాదు. అది వేసినప్పుడల్లా కరెంటు దాని రేకులోకి కారుతోంది."

"గీజరుకీ ఫ్రిజ్జుకీ ఏం సంబంధమయ్యా?" అన్నారు అత్తయ్య.

"పచ్చ వైరమ్మా. అన్నిటి ఒంటినీ కలిపేది అదే. కలిపి తీసుకెళ్ళి భూమిలో దింపాలి. కారిన కరెంటు అందులోంచి భూమిలోకి పోతే ట్రిప్ స్విచ్చు పడిపోయి ఇల్లు ఆపేస్తుంది. మీ ఇంట్లో ఆ వైరు బోర్డుదాకా వచ్చింది. అక్కడ ఎవరో శుభ్రంగా కత్తిరించి, టేపు చుట్టి, పక్కకి వంచిపెట్టారు. ఇక అది దిగడానికి చోటు లేక ఆ వైరు పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది, ఫ్రిజ్జులోకీ, మెషీన్‌లోకీ, మిక్సీలోకీ. మనిషి దొరికితే మనిషిలోంచి దిగుదామని. పడాల్సిన స్విచ్చు ఇన్నేళ్ళూ పడక బిగుసుకుపోయింది, అది వేరే." ఆయన గుమ్మంలోంచి లోపలికి వేలు చూపించాడు. "ఆ బాతుల చెప్పులు ఎవరివండీ?"

మామయ్య గేటు దగ్గర నిలబడిపోయారు, పేపరు విసరడం ఆగిపోయింది. "నేనే తీయించాను," అన్నారు. ఎవరితోనో కాదు, గేటుతో. "మా అమ్మాయి చివరి సంవత్సరం పరీక్షలు. కొత్తగా పెట్టించాం ఆ స్విచ్చు. పొద్దున్నే చదువుకుందామని లేస్తే టక్కున పడేది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడేది. చీకట్లో కూర్చుని ఏడ్చేది పిల్ల. ఒకతన్ని పిలిస్తే, ఈ వైరు తీసేస్తే పడదు సార్ అన్నాడు. తీసేశాడు. పడలేదు." పేపరు మడిచి చంకలో పెట్టుకుని, "బాగా రాసింది పరీక్షలు," అన్నారు.

నాకు ఎంత కోపమొచ్చిందంటే చెవుల్లో హోరు. ఈ ఇంట్లో నిజం చెప్పింది ఆ స్విచ్చొక్కటే. పొద్దున్నే లేచి చెప్పింది, టక్కుమని చెప్పింది, మళ్ళీ వేస్తే మళ్ళీ చెప్పింది, దాని పని అదే, చెప్పడమే. గోల చేస్తోందని దాని నోరు కట్టేసి, మనుషులందరికీ చెప్పులు కొన్నారు. పద్ధతి అని పేరు పెట్టారు. అరుద్దామని నోరు తెరిచాను. మామయ్య మొహం చూశాను. తెల్లగా పాలిపోయి, గేటు ఊచ పట్టుకుని, ఆయన చూస్తున్నది వీధి మలుపు వైపు, కూతురు వచ్చే వైపు. కోపం తగ్గలేదు. కానీ అరవలేదు. నా ముందు మెట్టుమీద మా ఆయన వీపు, అది మెల్లిగా వెనక్కి వాలి నా మోకాళ్ళకి ఆనుకుంది. తిరిగి చూడలేదు. "పిచ్చుకా," అన్నాడు నేలకేసి చూస్తూ, "ఇంకా గట్టిగా పట్టుకో."

కారు వచ్చి ఆగింది. ఆడపడుచు తలుపు తెరిచి, "ఏంటి అందరూ ఎండలో కూర్చున్నారు, నాకోసమేనా?" అంటూ నవ్వుతూ దిగింది, ఎవరూ నవ్వకపోయేసరికి "ఏమైందే అమ్మా?" అంటూ హాల్లోకి నడిచి చంటాణ్ణి కింద దించింది. దించిందే తడవు, వాడు కాళ్ళకున్న బూట్లు ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా విదిలించి, చేతులు చాపుకుని తూలుకుంటూ వంటింట్లోకి పరుగు. "చెప్పులు!" అని అత్తయ్య, మామయ్య, మా ఆయన, ఆడపడుచు, అందరూ ఒక్క గొంతుతో కేక. వాడు ఫ్రిజ్జు ముందు బెదిరిపోయి ఆగాడు, కింది పెదవి వణికింది. అత్తయ్య స్టాండులోంచి బాతుల చెప్పులు లాగి పరుగున వెళ్ళి వంగబోయారు. నేను వెనకాలే వెళ్ళి గుప్పిలి విప్పి చూపించాను. పింగాణీ అంచులు అరచేతిలో ఎర్రగా గుర్తులు పడ్డాయి.

"పర్లేదు అత్తయ్యా. ఫ్యూజు నా దగ్గరే ఉంది."

చంటాడు నావంక చూశాడు, నా చేతిలోని తెల్లటి ముక్కవంక చూశాడు. తర్వాత రెండు అరచేతులూ తలుపుకి ఆనించాడు. అలాగే నిలబడి, నుదురు కూడా ఆనించాడు. లోపల ఇంకా చల్లదనం మిగిలే ఉన్నట్టుంది, కళ్ళు మూసుకున్నాడు. అత్తయ్య బాతుల చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు వాణ్ణి చూశారు. అవి నేలమీద పెట్టారు. తన నీలం చెప్పులు కూడా విడిచారు. గచ్చుమీద ఆవిడ ఒట్టి పాదాలు నేను చూడటం అదే మొదలు. వాడి తలపైన, తలుపు మీదికి చెయ్యి చాపారు. ముందు అలవాటు కొద్దీ వేలి వెనకవైపు ఆనించారు. తర్వాత చెయ్యి తిప్పారు.